పెళ్లి పత్రికల రద్దీకి ముందు: పాత ఎక్స్‌పీకి కొత్త డిస్కు తగిలించేవారికి జాగ్రత్తలు

మాఘమాసం ముహూర్తాలు మొదలైతే డీటీపీ కేంద్రానికి పొద్దస్తమానం పెన్‌డ్రైవులు వస్తూనే ఉంటాయి. అను తెలుగు ఫాంట్లు, పేజీలు కూర్చే పేజ్‌మేకర్ కోసం విండోస్ ఎక్స్‌పీ కంప్యూటర్‌ను ఇంకా నడుపుతున్నవారు ఆ రద్దీ రాకముందే కొన్ని పనులు చక్కబెట్టుకోవాలి.

ముందుగా ఒక్క మాట. ‘డిస్కు ఫార్మాట్ చేసి లేదు, ఇప్పుడు చేయమంటారా?’ అని ఎక్స్‌పీ అడిగితే ‘నో’ నొక్కండి. డిస్కు ఖాళీగా ఉందని కాదు, దాని ఫార్మాట్ ఎక్స్‌పీకి తెలియదని ఆ ప్రశ్నకు అర్థం. మా దగ్గర కొత్తగా చేరిన అబ్బాయి ఒకసారి ‘ఎస్’ నొక్కి, ఫార్మాట్ పూర్తిచేశాడు. అది ఎక్స్‌ఫ్యాట్ అనే, ఎక్స్‌పీ తనంతట తాను చదవలేని ఫార్మాట్‌లో ఉన్న 32 జీబీ పెన్‌డ్రైవ్. వెంటనే తీసి, అందులో మరేమీ రాయకుండా పక్కన పెట్టాం కాబట్టి రికవరీ సాఫ్ట్‌వేర్‌తో ఫొటోలు చాలావరకు దొరికాయి. పేర్లు మాత్రం పోయాయి. వధూవరుల ఫొటోలు ఏవో తేల్చుకోవడానికి వందల ఫైళ్లు ఒక్కొక్కటిగా తెరిచి చూశాం.

ఎక్స్‌ఫ్యాట్ చదవడానికి మైక్రోసాఫ్టే 2009లో కేబీ955704 అనే అప్‌డేట్ ఇచ్చింది. ఎక్స్‌పీలో సర్వీస్ ప్యాక్ (మైక్రోసాఫ్ట్ ఇచ్చిన సవరణల మూట) 2 గానీ 3 గానీ ఉంటేనే అది ఎక్కుతుంది. ఎక్స్‌పీకి భద్రతా సవరణలు 2014 ఏప్రిల్ 8తో ఆగిపోయాయి కాబట్టి ఆ కంప్యూటర్‌ను నెట్‌కు కలపకండి. ఫైలును వేరే కంప్యూటర్‌లో దించుకుని, ప్రాపర్టీస్‌లో డిజిటల్ సంతకం మైక్రోసాఫ్ట్‌దేనని చూసుకున్నాకే ఎక్కించండి. 64 జీబీ, అంతకు మించిన ఎస్‌డీ కార్డులు ఎక్స్‌ఫ్యాట్‌తోనే వస్తాయి కాబట్టి ఫొటోగ్రాఫర్లతో పని ఉన్నవారికి ఇది తప్పనిసరి.

పెద్ద హార్డ్‌డిస్కుల సంగతి వేరు. 2 టీబీ దాటినవి సాధారణంగా జీపీటీ అనే, డిస్కును విభాగాలు చేసే కొత్త పద్ధతిలో ఉంటాయి. 32 బిట్ ఎక్స్‌పీ వాటిని డిస్క్ మేనేజ్‌మెంట్‌లో ఒకే రక్షిత విభాగంగా చూపి ఊరుకుంటుంది. దాన్ని తొలగించి ‘బాగుచేసే’ ప్రయత్నం చేయవద్దు. పారగాన్ సంస్థ జీపీటీ లోడర్ వంటి సాధనాలు ఉన్నాయి గానీ, డేటాకు మరో కాపీ లేని డిస్కు మీద వాటిని ప్రయోగించవద్దని నా గట్టి అభిప్రాయం. ముందుగా పనికిరాని డిస్కు మీద పరీక్షించండి. ఒక పెద్ద ఫైలు రాసి, తీసి, కొత్త కంప్యూటర్‌లో తెరిచి చూడండి. సర్వీస్ ప్యాక్ లేని తొలి ఎక్స్‌పీ అయితే 137 జీబీ దాటిన లోపలి డిస్కులోనే డేటా పాడయ్యే ప్రమాదం ఉంది.

విండోస్ 8, ఆ తర్వాతి కంప్యూటర్ల నుంచి డిస్కు విప్పి తెస్తే, దానికి ముందు షిఫ్ట్ నొక్కి పట్టుకుని షట్‌డౌన్ చేయండి. మామూలుగా ఆపితే ఫాస్ట్ స్టార్టప్ వల్ల అది సగం నిద్రలోనే ఉంటుంది. ఆ స్థితిలో ఎక్స్‌పీ దాని మీద రాస్తే ఫైళ్లు చెడిపోవచ్చు. బిట్‌లాకర్ తాళం ఉన్న డిస్కును ఎక్స్‌పీకి అసలు తగిలించకండి.

మేము ఇప్పుడు ఎవరు ఏ డిస్కు తెచ్చినా ముందు కొత్త కంప్యూటర్‌కే తగిలిస్తాం. అవసరమైన ఫైళ్లను మా సొంత ఫ్యాట్32 (ఎక్స్‌పీ చదవగల పాత ఫార్మాట్) పెన్‌డ్రైవ్‌లోకి తీసుకుని ఎక్స్‌పీకి అందిస్తాం. 4 జీబీకి మించిన ఒక్క ఫైలు అందులో పట్టదు, కానీ పత్రికల పనిలో అంత పెద్ద ఫైలు మాకు ఎన్నడూ రాలేదు.