చెన్నై ఇంట్లో శ్లాబు పెచ్చూడితే: మూడడుగుల మేర మీరే పూత పెట్టుకోవడం

గోడ మీద మాలు (సిమెంటు, ఇసుక కలిపిన ముద్ద) జారినా కిందున్న మాలు కాస్త ఆపుతుంది. శ్లాబు కింద ఆ ఆసరా ఉండదు. పట్టుకుంటే పట్టుకున్నట్టు, లేకపోతే నెత్తిన పడినట్టు. అందుకే పైకప్పు పూతలో సగం పైగా పని తాపీ పట్టకముందే అయిపోవాలి. మొదటిసారి చేసేవాళ్ళు మూడడుగులకు మూడడుగులు దాటవద్దు. గది మొత్తం అయితే కొత్తనార్‌ని (తాపీ మేస్త్రీని) పిలవండి. అంత మేర ఒక్కరే సమంగా లాగేలోపు మొదట వేసిన చోట మాలు బిగుసుకుపోతుంది.

ముందు, ఎందుకు ఊడిందో చూడండి. పైన బాత్రూమో, మిద్దె మీద నీళ్ళు నిలిచే చోటో ఉంటే ఆ కారుడు ఆపాకే ఈ పని. చెన్నైలో వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా దంచుతాయి కాబట్టి, శ్లాబు ఆరిన ఫిబ్రవరి, మార్చి నెలలు దీనికి అనువు. మే ఎండల్లో మాలు చేతిలోనే ఎండిపోతుంది.

రెండు చోట్ల మాత్రం చెయ్యి పెట్టకండి. మైలాపూర్, ట్రిప్లికేన్, జార్జిటౌన్‌లలోని పాత ఇళ్ళలో టేకు దూలాల మీద ఇటుకలను నిలువుగా పేర్చి సున్నంతో కట్టిన మద్రాస్ టెర్రస్ కప్పులుంటాయి. వాటికి సిమెంటు పూత పనికిరాదు. అది బిర్రుగా ఉండి, కప్పులో తేమను బయటికి పోనివ్వదు. సున్నం పనివాళ్ళే చూడాలి. రెండోది శ్లాబు లోపలి ఇనుప కమ్మీలు. కమ్మీ పొరలు పొరలుగా ఊడి సన్నబడినా, శ్లాబు కిందికి వంగినా, దూలం వెంట పగులు కనిపించినా స్ట్రక్చరల్ ఇంజనీరును పిలవాలి. తుప్పు పట్టిన ఇనుము అసలు ఇనుముకు రెండింతలకు పైగా చోటు తీసుకుంటుంది. పెచ్చును కిందికి తోసింది అదే. దాని మీద ఎంత మంచి పూత పెట్టినా మళ్ళీ తోసేస్తుంది. పైపైన తుప్పు మాత్రమే ఉంటే వైరు బ్రష్‌తో ఇనుము మెరిసేదాకా రుద్ది, జింక్ ప్రైమర్ పూసి, అది ఆరాక ముందుకు వెళ్ళొచ్చు.

ఫ్యాను, లైటు ఉన్న సర్క్యూట్‌ని ఎంసీబీ (మెయిన్ బోర్డులోని స్విచ్) దగ్గరే ఆపండి. శ్లాబులో వైర్ల పైపులు పోయి ఉంటాయి కాబట్టి ఉలి లోతుగా దించకూడదు. స్టూలెక్కి చేసే పని కాదిది. రెండు గట్టి బల్లల మీద వెడల్పాటి పలక వేసి, తల పైకప్పుకు ఓ అడుగు కిందుండేలా చూసుకోండి. కళ్ళద్దాలు, మాస్కు, రబ్బరు గ్లౌజులు తప్పనిసరి. తడి సిమెంటు చర్మాన్ని కాలుస్తుంది. కంట్లో పడితే వెంటనే పావుగంటకు తక్కువ కాకుండా నీళ్ళతో కడిగి డాక్టర్ దగ్గరికి వెళ్ళాలి.

ఇప్పుడు గీకుడు. సుత్తి పిడితో పెచ్చూడిన చోటు చుట్టూ తట్టుకుంటూ పోండి. ‘టక్’మంటే గట్టి, ‘డబ్’మంటే డొల్ల. డొల్ల మోగిందంతా, చూడ్డానికి బాగానే ఉన్నా సరే, తీసెయ్యండి. అంచును ఉలితో నిలువుగా, చదరంగా కోయాలి. అంచు పల్చగా వాలుగా ఉంటే కొత్త మాలు అక్కడ రేకులా తేలి, నెలలోపే గీత పడుతుంది. లోపల కాంక్రీటు అద్దంలా నున్నగా ఉంటే సెంట్రింగ్ నూనె (శ్లాబు పోసేటప్పుడు కింది పలకలకు పూసేది) ఇంకా అంటుకునే ఉందనుకోవాలి. ఉలితో అంగుళానికొకటి చొప్పున మూడు మిల్లీమీటర్ల లోతు గంట్లు పెట్టి, బ్రష్ కొట్టి, కడగండి. అరచెయ్యి రాస్తే తెల్ల పొడి అంటకూడదు.

సామాను కొనేటప్పుడు మాట జాగ్రత్త. షాపులో తాపీ అంటే దిక్కులు చూస్తారు, తమిళంలో కరణై అనాలి. ఇసుకలో ఎం-సాండ్ (రాయిని పిండి చేసి తయారుచేసే ఇసుక) కాంక్రీటుది. అందులో నాలుగున్నర మిల్లీమీటర్ల పలుకులు కూడా ఉంటాయి. సన్నటి పూతలో అలాంటి పలుకు ఒక్కటి తగిలినా తాపీ వెంట చాలు గీసుకుంటూ పోతుంది. పూతకు పీ-సాండ్ (పూత కోసమే చేసిన సన్నటి రకం) అడగండి, దాన్నీ ఓసారి జల్లించుకోండి. సిమెంటు పీపీసీ (పోజొలానా కలిపిన రకం) అయితే మేలు. కిలోల లెక్కన విడిగా కొంటే గడ్డలున్నాయేమో నలిపి చూడండి. నీళ్ళ సంగతి కూడా ముఖ్యమే. బీసెంట్ నగర్, తిరువాన్మియూర్ వైపు బోరు నీళ్ళు ఉప్పగా ఉంటే ఆ ఉప్పు కమ్మీని తింటుంది. కలపడానికీ తడపడానికీ మెట్రో వాటరే వాడండి.

మూడడుగుల చదరానికి 12 మిల్లీమీటర్ల మందం అంటే సుమారు పది లీటర్ల తడి మాలు. పొడిలో దానికి మూడో వంతు ఎక్కువ కావాలి, కొత్త చేతుల్లోంచి కింద పడేది వేరే. మొత్తం మీద సిమెంటు ఆరు కిలోలు, అంటే నాలుగు లీటర్ల పైచిలుకు. ఇసుక 13 లీటర్లు. పాళ్ళు ఒకటికి మూడు, ఒకే డబ్బాతో కొలవాలి. అంతా ఒకేసారి కలపకండి. డబ్బాకు మూడు డబ్బాలుగా, అరగంటలో అయిపోయేంతే కలపండి. బిగుసుకున్న మాలులో మళ్ళీ నీళ్ళు పోసి కలిపితే మెత్తబడుతుంది కానీ పట్టు పోతుంది. పదును ఎలా తెలుస్తుందంటే, తాపీ మీద ముద్ద పెట్టి పక్కకు వంచండి. జారకుండా కాసేపు నిలిచి, విదిలిస్తే ఊడాలి. నీళ్ళు కారుతుంటే అది పైకప్పుకు పనికిరాదు.

పని మొదలుపెట్టే ముందు రోజు సాయంత్రం ఒకసారి, ఆ పొద్దున ఒకసారి కాంక్రీటు తడపండి. పూత వేళకు తడిగా కనిపించాలి, చుక్క మాత్రం కారకూడదు. ఎస్‌బీఆర్ లేటెక్స్ (పాత కాంక్రీటుకు కొత్త మాలును అతికించే ద్రవం), నీళ్ళు సమంగా కలిపి, దోసెల పిండిలా అయ్యేదాకా సిమెంటు వెయ్యండి (డబ్బా మీద వేరే పాళ్ళుంటే అవే పాటించండి). ఇదే సిమెంటు పాలు. గట్టి బ్రష్‌తో గంట్లలోకి దిగేలా, నిలువు అంచులకు కూడా రుద్దండి. చాలామంది పాడుచేసేది ఇక్కడే: పాలు పూసి, టీ తాగి వచ్చి మాలు వేస్తారు. ఆరిన పాలు అతికించవు, రెంటినీ విడదీసే పొరవుతాయి. వేలికి జిగురుగా అంటుతుండగానే మాలు వెయ్యాలి. ఆరిపోతే గీకి మళ్ళీ పూయండి.

మొదటి పొర ఏడెనిమిది మిల్లీమీటర్లు మించకూడదు. పలక మీద మాలు పెట్టుకుని, కొంచెమే తాపీ అంచున తీసుకుని, మూలనుంచి మొదలుపెట్టి పైకి నొక్కుతూ మీవైపుకు లాగండి. నొక్కడమే ముఖ్యం, రాయడం కాదు. తాపీని తీసేటప్పుడు నిలువుగా ఎత్తితే మాలు దాంతోపాటే వచ్చేస్తుంది. పక్కకు జార్చి తియ్యండి. పడిపోయిన చోటికి మరింత మాలు రుద్దితే మరింత పడుతుంది. ఆగి, గీకి, పాలు పూసి, పల్చగా వెయ్యండి. కాస్త గట్టిపడ్డాక మేకుతో అడ్డదిడ్డంగా గీతలు గీసి, మర్నాటిదాకా వదిలెయ్యండి.

రెండో రోజు గీతలు తడిపి, సిమెంటు పాలు పల్చగా పూసి, మిగిలిన నాలుగైదు మిల్లీమీటర్లు వెయ్యండి. నాలుగడుగుల అల్యూమినియం బద్దను రెండు వైపులా పాత పూతకు ఆనించి, రంపంలా అటూ ఇటూ కదుపుతూ లాగితే ఎత్తుపల్లాలు తెలుస్తాయి. తర్వాత ఓపిక. వేలితో నొక్కితే గుంట పడాలి, మాలు అంటకూడదు. చెన్నై వేడిలో దీనికి అరగంట నుంచి ముప్పావుగంట పడుతుంది. అప్పుడు చెక్క పలకతో గుండ్రంగా రుద్ది, పిండిన స్పాంజితో తుడవండి. నునుపు రావడం లేదని పొడి సిమెంటు చల్లి రుద్దకండి. పైపొర ముడుచుకుని సాలెగూడులా సన్న పగుళ్ళు వస్తాయి.

రెండు రోజులు ఆ గదిలో ఫ్యాను వెయ్యకండి. మర్నాటి నుంచి ఏడు రోజులు, రోజుకు నాలుగుసార్లు మొక్కలకు కొట్టే స్ప్రేయర్‌తో తడపండి. ఎనిమిదో రోజు సుత్తి పిడితో మళ్ళీ తట్టండి. డొల్ల మోగిన చోటును అప్పుడే తీసి మళ్ళీ వెయ్యాలి. పుట్టీ, రంగు నాలుగు వారాల తర్వాతే. తొందరపడితే క్షారం పైకి తేలి రంగు పొక్కులుగా లేస్తుంది.