అమృతపాణి నాటబోయే ముందు పిలక విషయంలో జాగ్రత్తలు

మొన్న వైశాఖంలో ఒడిశాలోని కాశీనగర్ దగ్గర, వంశధార ఒడ్డున ఒక అమృతపాణి అరటి తోటను చూసి వచ్చాను. గెల వేయబోయే చెట్ల కింది ఆకులు అంచుల నుంచి పసుపు పట్టి, కాడ దగ్గర విరిగి, కాండం చుట్టూ చీర కుచ్చెళ్లలా వేలాడుతున్నాయి. ఒక చెట్టును మొదట్లో అడ్డంగా నరికించగా, తెల్లగా ఉండవలసిన దొప్పలలో ఎర్రటి గోధుమరంగు చుక్కలు కనిపించాయి. అది పనామా ఎండు తెగులు. “దీనికి మందేటి బాబూ?” అని ఆ రైతు అడిగాడు. పట్టిన చెట్టును బతికించే మందు లేదు. పిలకలు ఎక్కడివని నేను అడిగాను. నిరుడు పక్క ఊరి తోటలో ఊరికే ఇస్తే తెచ్చాడట. ఆ తోటలో ఒక మూల నాలుగు చెట్లు అప్పటికే ఎండి ఉన్నాయట.

తొలకరి పడగానే పర్లాకిమిడి, గుణుపురం, పాతపట్నం ప్రాంతాలలో పిలకలు చేతులు మారతాయి. నీరు, ఎరువు, గాలికి ఊతకర్రల సంగతి మన రైతులకు ఒకరు చెప్పనక్కరలేదు. చెప్పవలసింది ఒక్కటే: పిలకను చూసి కాదు, తోటను చూసి తెచ్చుకోవాలి. తెగులు శిలీంధ్రం దుంపలో దాగి ఉన్నా పిలక పచ్చగా, బలంగానే కనిపిస్తుంది.

ఈ శిలీంధ్రం పేరు ఫ్యుసేరియం. మధ్య అమెరికాలో గ్రోస్ మిషెల్ అనే అరటి రకం తోటలు దీనివల్లనే నాశనమై, 1960ల నాటికి వాటి స్థానంలోకి కావెండిష్ రకాలు వచ్చాయి. మనం వేసే గ్రాండ్ నైన్ ఆ కావెండిష్ కుటుంబానిదే. మన అమృతపాణికి దగ్గరి బంధువైన కర్ణాటక నంజనగూడు రసబాళె కూడా ఈ తెగులు చేతనే చాలావరకు కనుమరుగైంది. ఇక్కడే చాలామంది మోసపోతారు. ఈ శిలీంధ్రంలో తెగలున్నాయి; అమృతపాణిని చంపే ఒకటవ తెగ గ్రాండ్ నైన్‌ను సాధారణంగా ఏమీ చేయదు కనుక, పక్క మడిలో గ్రాండ్ నైన్ నిగనిగలాడుతోందని నేల మంచిదనుకోవడం పొరపాటు. శిలీంధ్రం మట్టిలో ఇరవై ఏళ్లకు పైగా బతికి ఉండగలదు.

కాబట్టి ఒక్క చెట్టు ఎండిన తోట నుంచి కూడా పిలక తేవద్దు. ఊరికే ఇచ్చినా తేవద్దు. తోట యజమానిని అడిగి ఊరుకోక, స్వయంగా మూలమూలా తిరిగి చూడండి. సన్నని ఆకుల సూది పిలకలనే ఎంచి, వేర్లను, పైపొరను చెక్కి దుంపను పరీక్షించండి. ఎర్రని చుక్క ఒక్కటి కనిపించినా పారవేయండి. తెల్లగా ఉన్నంత మాత్రాన నమ్మకండి, ఎందుకంటే తొలిదశలో చుక్కలు కనబడవు. లీటరు నీటికి ఒక గ్రాము కార్బెండజిమ్ అనే శిలీంధ్రనాశక మందు కలిపిన ద్రావణంలో అరగంట ముంచి నాటండి. ఇది దుంప పైన ఉన్నదాన్ని తగ్గిస్తుందే గాని తెగులు తోట పిలకను శుద్ధి చేయదు. ఎండిన చెట్టు గుంతలో మళ్లీ నాటవద్దు. ఆ చెట్టును దుంపతో సహా తవ్వి అక్కడే కాల్చి, గుంతలో కిలో నుంచి రెండు కిలోల సున్నం వేయండి. దాని పాదులోని నీటిని పక్క పాదులోకి పోనివ్వకండి. తెగులు తోటలో వాడిన గునపాన్ని, పారను, చెప్పులను మట్టి పోయేదాకా కడగనిదే మీ మడిలోకి తేవద్దు. ఆకులనూ దొప్పలనూ పెంటకుప్పలో వేయవద్దు, గెడ్డలో (వాగులో) పారవేయవద్దు. పెళ్లి పందిరికి కట్టిన అరటి చెట్లను పని తీరాక గట్టు మీద వదిలేస్తారు. అవి ఏ తోటవో ఎవరికీ తెలియదు, కాల్చేయండి. తెగులు వచ్చిన మడిలో కొన్నేళ్లు వరి వేయండి. నాటిన నాలుగో నెల నుంచి కింది ఆకుల అంచులను రోజూ చూడండి. మీ తోటలో ఒక్క చెట్టు ఎండినా, అడిగినవాడు బావమరిదే అయినా, పిలక ఇవ్వకండి.