రాడ్డు అతుకులకు ఇన్సులేషన్ టేపు

స్కాట్లండ్ సరిహద్దుల్లోని ట్వీడ్ నదిలో సాల్మన్ చేపల వేట సీజను నవంబరు 30 దాకా ఉంటుంది. శరదృతువులో పదిహేను అడుగుల గాలపు రాడ్డుతో రోజంతా స్పే కాస్టింగ్ (రెండు చేతులతో రాడ్డు తిప్పి దారాన్ని నీటి మీదికి విసరడం) చేస్తే, రాడ్డు ముక్కలు కలిసే అతుకులు మెల్లగా మెలితిరిగి వదులవుతాయి. ఒక్కోసారి పై ముక్క ఊడి నీళ్లలోకి ఎగిరిపోతుంది.

రాడ్డు బిగించాక, దారం వెళ్లే రింగులు ఒకే వరుసలో ఉన్నాయని చూసుకుని ప్రతి అతుకునూ పొడిగుడ్డతో తుడవండి. కరెంటు పనికి వాడే ఇన్సులేషన్ టేపు జానెడు తీసుకుని, కొద్దిగా సాగదీస్తూ, అతుకుకు రెండు వైపులా పడేలా ఏటవాలుగా చుట్టండి. చివర అర అంగుళం మడిచి వదిలితే, చలికి కొంకర్లు పోయిన వేళ్లతోనూ ఊడదీయవచ్చు. ఈ మడత సంగతి తెలియక నేను చాలాకాలం పళ్లతో పీకాను.

తడి రాడ్డుకు టేపు అంటదు. వాన పడుతుంటే ఒడ్డున ఉన్న గుడిసె చూరు కింద చుట్టుకోండి. సాయంత్రమే తీసేయకపోతే జిగురు రాడ్డుకే ఉండిపోతుంది.