స్క్రీన్ మీద నీలం, ప్రింట్‌లో వంకాయ రంగు: నాకు ఎలా సరైందంటే

స్క్రీన్ మీది రంగు ప్రింట్‌లో మారిపోతే ఏం చేయాలని చాలామంది అడుగుతున్నారు కాబట్టి రాస్తున్నా. పిల్లల పుస్తకానికి వేసిన రాత్రి ఆకాశం స్క్రీన్ మీద ముదురు నీలం, ప్రెస్ నుంచి వచ్చిన ప్రూఫ్‌లో (అసలు అచ్చుకి ముందు చూసుకునే నమూనాలో) వంకాయ రంగు. క్లయింట్‌కి ఏం చెప్పాలో తెలియక రెండు రాత్రులు ఒకటే టెన్షన్.

బ్రైట్‌నెస్ తగ్గించా, శాచురేషన్ పెంచా, ఫైల్‌ని గుడ్డిగా సీఎంవైకేలోకి (అచ్చులో వాడే నాలుగు సిరాల రంగుల పద్ధతిలోకి) మార్చి పంపా, ఏదీ పనిచేయలేదు.

పనిచేసింది ఇది. ముందు ప్రెస్ వాళ్లని అడిగి, వాళ్ల కాగితానికి సరిపోయే ఐసీసీ ప్రొఫైల్ (అచ్చులో రంగులు ఎలా వస్తాయో సాఫ్ట్‌వేర్‌కి చెప్పే ఫైల్) తెప్పించుకున్నా. ఫైల్‌ని ఆర్‌జీబీలోనే (స్క్రీన్ వాడే రంగుల పద్ధతిలోనే) ఉంచి, ఫొటోషాప్‌లో వ్యూ మెనూ, ప్రూఫ్ సెటప్, కస్టమ్‌లోకి వెళ్లి ఆ ప్రొఫైల్ ఎంచుకున్నా. ప్రింట్‌లో ఎలా వస్తుందో చూపించే కంట్రోల్, వై కలిపి నొక్కగానే అదే వంకాయ రంగు నా స్క్రీన్ మీదే కనిపించింది, ప్రాణం లేచొచ్చింది! ఆ నీలంలో సయాన్ (ఆకుపచ్చ ఛాయ ఉన్న నీలి సిరా) 100 శాతం, మెజెంటా (ముదురు గులాబీ సిరా) 90 శాతం ఉన్నాయి. ఈ రెండూ అంత దగ్గరగా ఉంటే అచ్చులో ఊదా వైపు పోతుంది. అందుకే ఫైల్ కాపీని ఆ ప్రొఫైల్‌తో సీఎంవైకే చేసి, సయాన్‌ని ముట్టుకోకుండా మెజెంటా 50, 60, 70తో మూడు చిన్న పట్టీలు అదే కాగితం మీద వేయించా. పగటి వెలుతురులో పక్కపక్కన పెట్టి చూస్తే 60 సరిగ్గా నేను అనుకున్న నీలం, ఆకాశం లేయర్‌కి అదే పెట్టేశా.

ఇది కోటెడ్ (నునుపు పూత ఉన్న) కాగితం మీద ఆఫ్‌సెట్‌లో (ప్లేట్లతో వేసే అచ్చులో) నా అనుభవం మాత్రమే. కోటింగ్ లేని కాగితమైతే అంకెలు మారొచ్చు, మానిటర్‌ని కాలిబ్రేట్ చేసి (రంగులు సరిగ్గా చూపేలా సరిచేసి) లేకపోతే స్క్రీన్ మీది ప్రూఫ్‌నీ పూర్తిగా నమ్మలేం. పట్టీలు మాత్రం తప్పకుండా వేయించుకోండి.