ఎండలో ఒంటికి తగిలే వేడిని కొలవడం: నా అనుభవం

మా సిరొంచలో బజారు పక్క ఖాళీ స్థలంలో పందిరి ఎక్కడ వేయాలో తేల్చాలని కొలతలు మొదలుపెడితే, వేపచెట్టు కింద, ఎదురుగా సిమెంటు నేల మీద థర్మామీటర్ దాదాపు ఒకటే చూపించేది. కానీ ఆ సిమెంటు మీద కూరగాయలమ్మే ఆడవాళ్లు కాసేపు కూడా కూర్చోలేరు. ఎందుకంటే ఎండ నేరుగా తగలకుండా పెట్టిన థర్మామీటర్ కొలిచేది గాలి వేడిని మాత్రమే. సూర్యుడి నుంచి, నేల నుంచి, గోడల నుంచి ఒంటికి నేరుగా తగిలేది వేరు.

దాన్ని కొలవడానికి గ్లోబ్ థర్మామీటర్, అంటే బోలు గోళం మధ్యలో సెన్సర్ ఉండే పరికరం కావాలి. 150 మిల్లీమీటర్ల నల్ల రాగి గోళం ప్రామాణికమే గానీ, రీడింగ్ నిలకడకి రావడానికి చాలాసేపు పడుతుంది, ఈలోపు మబ్బు వచ్చి పోతుంది. నేను 40 మిల్లీమీటర్ల టేబుల్ టెన్నిస్ బంతికి మెరుపు లేని బూడిదరంగు వేసి, చిన్న రంధ్రం చేసి, సెన్సర్ కొన సరిగ్గా మధ్యకి వచ్చేలా జిగురుతో బిగించాను. నేల నుంచి 1.1 మీటర్ల ఎత్తులో పెట్టాలి. పక్కనే గాలి ఆడే తెల్ల గొడుగు కింద మామూలు సెన్సర్, ఒక గాలివేగం మీటర్.

గాలివేగం తప్పనిసరి, ఎందుకంటే గాలి బంతిని చల్లబరుస్తుంది. ఉదాహరణకి గాలి 38 డిగ్రీలు, బంతి 46, వేగం సెకనుకి 1 మీటరు అనుకుంటే, ఐఎస్‌ఓ 7726 అనే అంతర్జాతీయ ప్రమాణంలోని సూత్రం ప్రకారం సగటు రేడియంట్ ఉష్ణోగ్రత (చుట్టూ నుంచి ఒంటికి నేరుగా తగిలే వేడికి కొలమానం) సుమారు 69 డిగ్రీలు! చిన్న బంతి రీడింగ్ గాలికి పైకీ కిందికీ మారుతుంటుంది కాబట్టి ఒక్క రీడింగ్ నమ్మకండి, 5 నిమిషాల సగటు తీసుకోండి.