జన్యు పరీక్ష బిల్లుకి ఇన్సూరెన్స్ క్లెయిమ్ రావాలంటే

రొమ్ము, అండాశయ క్యాన్సర్ ముప్పు చెప్పే బీఆర్‌సీఏ, దాదాపు జన్యువులన్నింటినీ ఒకేసారి చూసే ఎక్సోమ్ లాంటి పరీక్షల బిల్లు వేలల్లో ఉంటుంది. ఓపీ (ఆస్పత్రిలో చేరకుండా చూపించుకోవడం) కవర్ లేని మామూలు హెల్త్ పాలసీ ఈ పరీక్ష ఓపీలో చేయిస్తే పైసా ఇవ్వదు. అలాగని పరీక్ష కోసమే ఒక రాత్రి అడ్మిట్ అవ్వకండి. కేవలం నిర్ధారణ కోసం చేరడం పాలసీల్లో ఎక్స్‌క్లూజన్ (మినహాయింపు) కోడ్ 04 కిందికి వస్తుంది. కంపెనీ తరఫున క్లెయిములు పరిశీలించే టీపీఏ ముందు పట్టుకునేది దాన్నే.

పరీక్షను చికిత్సకు ముడిపెట్టాలి. రొమ్ము క్యాన్సర్ ఆపరేషనే తీసుకోండి. అడ్మిషన్‌కి ముందు 30 లేదా 60 రోజులు, డిశ్చార్జ్ తర్వాత 60 లేదా 90 రోజుల ఖర్చులు చాలా పాలసీలు ఇస్తాయి. శాంపిల్ ఇచ్చిన తేదీ ఆ గడువులోనే ఉండాలి. డాక్టర్ లేఖలో ‘ఆపరేషన్ ఒక రొమ్ముకా రెండింటికా, ఓలాపరిబ్ అనే క్యాన్సర్ మందు ఇవ్వాలా అన్నది ఈ ఫలితంపై ఆధారపడుతుంది’ అని స్పష్టంగా రాయించుకోండి. ‘కుటుంబ చరిత్ర ఉంది, స్క్రీనింగ్ కోసం’ అని రాశారా, ఆ క్లెయిమ్ మీద ఆశ వదులుకోవచ్చు. డిశ్చార్జ్ సమ్మరీలోనూ పరీక్ష ప్రస్తావన ఉండాలి. చీటీ, బిల్లు, రిపోర్టు మూడింటిలో పేరు, వయసు ఒకేలా ఉన్నాయో లేదో చూసుకోండి. జబ్బు లేని చెల్లెలికి చేయించే పరీక్ష ఖర్చు మాత్రం చేతి నుంచే.

‘జన్యు వ్యాధి కాబట్టి రాదు’ అంటే ఊరుకోకండి. ఆ కారణంతో క్లెయిమ్ కొట్టేయకూడదని బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2018 మార్చిలోనే చెప్పింది. పుట్టుకతో పైకి కనిపించే లోపాల సంగతి వేరు. గ్రహణం మొర్రి లాంటివాటిని చాలా పాలసీలు మినహాయిస్తాయి. అందుకే ఏ క్లాజు కింద తిరస్కరించారో రాతలో అడగండి.

కొత్త పాలసీ తీసుకునేటప్పుడు పాత రిపోర్టు దాచకండి. ముందే ఉన్న జబ్బుకి వెయిటింగ్ 36 నెలలకు మించదు. దాచితే మొదటి 60 నెలల్లో ఎప్పుడైనా ఆ వంకతో క్లెయిమ్ ఆపేస్తారు, మోసమని తేల్చితే ఆ తర్వాతా వదలరు.

తిరస్కరణ వచ్చాక ముందు కంపెనీ గ్రీవెన్స్ అధికారికి రాయండి. ఐఆర్‌డీఏఐ వారి బీమా భరోసా పోర్టల్లో గానీ 155255కి ఫోన్ చేసి గానీ ఫిర్యాదు నమోదు చేయించండి. నెలలో జవాబు రాకపోయినా, నచ్చకపోయినా బీమా వివాదాలు తేల్చే ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్ హైదరాబాద్‌లో ఉన్నారు, రెండు తెలుగు రాష్ట్రాలకూ ఆయనే. 50 లక్షల రూపాయల దాకా వివాదాలు చూస్తారు, ఏడాదిలోపు వెళ్లాలి. ఫీజు లేదు, లాయరు అక్కర్లేదు.

గౌషర్ (ఒక ఎంజైమ్ లోపించే జన్యు వ్యాధి) లాంటి అరుదైన వ్యాధికి పాలసీ ఏమూలకూ చాలదు. 2021 జాతీయ అరుదైన వ్యాధుల విధానం కింద 50 లక్షల వరకు సాయం వస్తుంది, హైదరాబాద్‌లో నిమ్స్ ఆస్పత్రి, డీఎన్‌ఏ పరిశోధన సంస్థ సీడీఎఫ్‌డీ కలిసి ఆ సాయం అందించే కేంద్రం నడుపుతున్నాయి. ఎంజైమ్ మందు డోసు బిడ్డ బరువును బట్టి పెరుగుతుంది. ఆ డబ్బు ఎన్నేళ్లకు సరిపోతుందో మొదటి అపాయింట్‌మెంట్‌లోనే లెక్క వేయించుకోండి.