కాకినాడ నుంచి కోటిపల్లికి రైలు కట్ట వెంట సైకిల్ మీద వెళ్లడం ఎలా?

కాకినాడ–కోటిపల్లి రైలు మార్గం సుమారు 45 కిలోమీటర్లు. 1928లో వేశారు. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో, 1940లో పట్టాలు పీకి పట్టుకుపోయారు. అరవై ఏళ్లకు పైగా రైలు లేదు. 2004లో మళ్లీ మొదలైంది. అందుకే ముందే చెప్పేస్తున్నా: తొక్కాల్సింది కట్ట మీద కాదు, దాన్ని ఒకచోట కలుస్తూ ఒకచోట విడిపోతూ సాగే రోడ్డు మీద. కట్టెక్కితే నేరం, పైగా ఆ కంకరలో సైకిల్ గజం దూరం కూడా కదలదు.

ముందు నెల చూసుకోండి. డిసెంబరు, జనవరి మంచివి. వేసవిలో కాలువలకు నీళ్లు ఆపేస్తారు, ఉక్కపోతలో బురద చూసుకుంటూ పోవాలి. చలికాలంలో గాలి ఎక్కువగా ఈశాన్యం నుంచి వీస్తుంది. కోటిపల్లి నైరుతి వైపు కాబట్టి వెళ్లేటప్పుడు గాలి వీపున తోస్తుంది, భలే తొక్కేస్తున్నాం అనిపిస్తుంది. అదంతా గాలి పుణ్యమని తిరుగు ప్రయాణంలో గానీ తెలియదు. సగం ఓపిక దాచుకోండి.

నేలంతా చదును, గేర్లు అక్కర్లేదు. బ్రేకులు, పంపు, ఒక అదనపు ట్యూబు చాలు. కాలువ గట్లెక్కితే తుమ్మముళ్లతో జాగ్రత్త.

తెల్లవారుజామున అయిదున్నరకల్లా బయల్దేరండి. మంచు పడుతుంది, ముందు లైటు, వెనక ఎర్ర లైటు తప్పనిసరి. కరప, వేళంగి మీదుగా రామచంద్రపురం చేరి, అక్కడే పెసరట్టు ఉప్మా.

దారిలో రైలు గేట్లు వస్తాయి. పట్టాలు రోడ్డును ఏటవాలుగా దాటేచోట హ్యాండిల్ తిప్పి, పట్టాకు అడ్డంగా, తిన్నగా దాటండి. నేను బద్ధకించి ఏటవాలుగానే పోనిచ్చాను. ముందు చక్రం పట్టా పక్క సందులో పడింది, మోచెయ్యి చెక్కుకుపోయింది.

డిసెంబరులో అసలు టెన్షన్ ధాన్యంతోనే. సార్వా (వానాకాలం వరి) కోతలయ్యాక రోడ్డు సగం మేర వడ్లు ఆరబోసి, అంచున రాళ్లు పేరుస్తారు. రైతు పాదాలతో చాళ్లు తీస్తూ వడ్లు తిరగేస్తుంటాడు. వాటి మీదికి పోనిస్తే టైరు ఇసుకలో జారినట్టు జారుతుంది, ఆయన గింజలూ చితుకుతాయి. ఎదురుగా లారీ వస్తుంటే దిగి నిలబడండి. నాలుగు నిమిషాలు పోతే పోయాయి.

ద్రాక్షారామంలో ఆగకుండా పోవద్దు. పంచారామాల్లో ఒకటైన భీమేశ్వరాలయం అక్కడే. శివలింగం ఎంత ఎత్తంటే కింది భాగాన్ని కింద నుంచి, పైభాగాన్ని మేడ మీద నుంచి దర్శించుకోవాలి. మధ్యాహ్నం తలుపులు వేస్తారు, ముందే చేరండి.

ఇక కోటిపల్లి, సోమేశ్వరస్వామి గుడి, ఎదురుగా గోదావరి పాయ గౌతమి. ఓపికుంటే పంటు (మనుషుల్నీ బళ్లనీ నది దాటించే పడవ) మీద అవతలి ఒడ్డున ముక్తేశ్వరానికి దాటండి, అవతలంతా కోనసీమే. సైకిల్‌ను నడిపించి ఎక్కించండి. స్టాండు వేసి వదిలేయొద్దు, పంటు కుదుపుకి పక్కన బైకు మీద పడుతుంది. నది మధ్యలో తలెత్తితే ఈ రైలు మార్గాన్ని నరసాపురం దాకా పొడిగించడానికి కట్టిన వంతెన స్తంభాలు కనిపిస్తాయి. వరద రోజుల్లో పంటు తిరగదు.

తిరిగి తొక్కాలంటే రెండింటికల్లా కోటిపల్లి నుంచి కదలండి. కాళ్లు మొరాయిస్తే మొహమాటపడకండి, సైకిల్‌ను ట్రాలీ ఆటోలో వేయించుకుని ముందు సీట్లో కూర్చోండి.